పెరటి కంచె మందుకు పనికిరాదా?

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మనవారు తరచుగా అంటూ ఉంటారు. చేతికి అందుబాటులో ఉన్నదానిని చులకనగా చూచే మానవ స్వభావాన్ని ఎత్తిపొడవడానికి పుట్టిన సామెత అది. నేడు కొత్తగా కడుతున్న ఇళ్ళను చూస్తే ఆ సామెతకే చోటు లేకుండా పోతున్నదనిపిస్తుంది. చాలా ఇళ్ళకు పెరడే ఉండదు. ఉన్న కొద్దిచోట్ల దాని చుట్టూ నిలువెత్తు ఇటుక గోడ, గోడపై గాజుపెంకులు, లేదా ఇనుప ముళ్ళతీగ కనిపిస్తాయి. ఆ గోడ ఎటువైపు ఎంత ఎత్తు ఉండవలెనో వాస్తు పండితుని అడుగుతాము. ఖర్చెంతో తాపీమేస్త్రీని అడుగుతాము. హద్దు ఎక్కడో సర్వేయరును అడుగుతాము. ఆ ఆవరణ ఇంటిలోని పిల్లలకూ పెద్దలకూ మేలు చేయునా, కీడు చేయునా అని మాత్రం ఎవరినీ అడగము.

ఔషధాన్ని ఎంత జాగ్రత్తగా ఎంచుకొంటామో, పెరటి కంచెను కూడా అంత జాగ్రత్తగానే ఎంచుకొనవలెనని నా అభిప్రాయం. అవకాశమున్న ప్రతి గృహస్థుడూ ప్రాణమున్న మొక్కలతో కంచె పెంచుకొనవలెనని, అయితే ఏ మొక్క ఏమిటో తెలియకుండా ఒక్క కొమ్మ కూడా నాటరాదని పాఠకులకు మనవి చేస్తున్నాను.

ముళ్ళతీగ, పచ్చని కంచె

ఇనుప ముళ్ళతీగ మన దేశపు వస్తువు కాదు. 1874లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు దానికి పేటెంటు పొందాడు. విశాలమైన మైదానాలలో పశువుల మందలను ఆపడానికి పుట్టిన తీగ అది. పిల్లలు బంతికోసం పరుగెత్తే పెరటికి ఉద్దేశించినది కాదు. ముళ్ళతీగ గీరుకొన్నప్పుడు తుప్పువల్లనే ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి ఆ వ్యాధిని కలిగించే క్రిమి మట్టిలోను, దుమ్ములోను, పశువుల పేడలోను ఉంటుంది. లోతుగా దిగిన గాయం దానికి దారి ఇస్తుంది. కనుక అటువంటి గాయానికి పసుపు అద్ది ఊరుకొనరాదు. పారే నీటిలో సబ్బుతో బాగా కడిగి, టీకా విషయమై వెంటనే డాక్టరును సంప్రదించవలెను. ఇక కోతుల బెడదకో, అడవి పందుల బెడదకో తీగకు నేరుగా కరెంటు కలపడం నేరము, ప్రాణాంతకము కూడా.

మొక్కల కంచె బలహీనమైనదని కొందరి అపోహ. ఉప్పుపై పన్ను వసూలు చేయడానికి బ్రిటిషు పాలకులు 19వ శతాబ్దంలో సింధునది నుండి మహానది వరకు సుమారు 2,300 మైళ్ళ పొడవున సుంకపు సరిహద్దు ఏర్పరచారు. అందులో కొన్ని వందల మైళ్ళ మేర తుమ్మ, రేగు, వాక్కాయ, జెముడు మొదలైన మొక్కలతో పెంచిన సజీవమైన ముళ్ళకంచె ఉండేది. 1879లో ఆ సరిహద్దును రద్దు చేశారు. పేదవాని నోటికి ఉప్పు అందకుండా చేసిన ఆ కంచె ఉద్దేశం నింద్యమే. కాని మనిషినే నిలువరించగల శక్తి మొక్కలకు ఉన్నదని అది నిరూపించినది. పనిముట్టు మంచిదే. దానిని దేనికి వాడుతున్నామన్నదే విచారించవలసిన విషయం.

గోడ వద్దని నేననను. పట్టణాలలో దొంగల భయం ఉన్నది, ఇరుకు స్థలాలున్నవి. గోడ కట్టుకొన్నవారు కూడా దాని లోపలి వైపున ఒక్క వరుస మొక్కలు పెంచుకొనవచ్చును.

కంచెకు తగిన మొక్కలు

కంచెకు తగిన మొక్కకు నాలుగు లక్షణాలుండవలెను. పశువులు మేయరాదు. కత్తిరించినకొద్దీ గుబురుగా పెరగవలెను. తక్కువ నీటితో బ్రతకవలెను. పొరపాటున పసిపిల్ల నోట పెట్టుకొన్నా ప్రాణాపాయం కలుగరాదు. ఈ లక్షణాలు చాలవరకు కలిగిన కొన్నింటిని చెబుతాను.

వావిలి: సంస్కృతంలో నిర్గుండి. పశువులు సాధారణంగా ముట్టవు. బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించడం మన ఇళ్ళలో అనాదిగా ఉన్న ఆచారం. కీళ్ళనొప్పులకు ఆకును వెచ్చచేసి కాపడం పెట్టవచ్చును. వేడి మితంగా ఉండవలెను. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు ఈ కాపడం జోలికి పోరాదు.

అడ్డసరం: సంస్కృతంలో వాస. దగ్గుకు, కఫానికి ఆయుర్వేదంలో ప్రశస్తమైన ఔషధం. దీనిలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే నేడు దగ్గు మందులలో వాడే బ్రోమ్‌హెక్సిన్ రూపొందినది. ఆకు రసం ఒక చెంచా, తేనె ఒక చెంచా కలిపి పెద్దలు రెండు పూటలా రెండు మూడు రోజులు తీసుకొనవచ్చును. గర్భిణులు దీనిని ఎంతమాత్రం సేవింపరాదు. ఏడాది నిండని పసివారికి తేనె నాకించరాదు. దగ్గు రెండు వారాలు దాటినచో కషాయాలతో కాలం గడపక, క్షయ ఉన్నదేమోనని కఫ పరీక్ష చేయించుకొనవలెను.

గోరింట: ఆషాఢమాసంలో ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ కావలసిన మొక్క. బజారులో దొరికే నల్లని రంగు కోన్లలో చర్మాన్ని పొక్కించే రసాయనాలు కలుపుతున్నారు. కంచెలో గోరింట ఉన్న ఇంటికి ఆ బెడద లేదు. అయినను పసికందులకు మాత్రం గోరింటాకు పెట్టరాదు. కొందరు శిశువులలో పుట్టుకతోనే ఉండే ఒక లోపం వల్ల రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం కలదు.

వాక్కాయ: గట్టి ముళ్ళు గల మొక్క. దీని గుబురులో నుండి దూరి రావడానికి ఎవరూ సాహసింపరు. వానకాలంలో కాసే కాయలు పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడికి పనికివస్తాయి. ముళ్ళున్నది గనుక పిల్లలు తిరిగే వైపు కాక, వీధివైపు గాని పొలం వైపు గాని నాటుకొనవలెను.

నల్లేరు: పై మొక్కల మీదికి ప్రాకించవచ్చును. లేత కణుపులతో చేసే పచ్చడి మన ఇళ్ళలో తెలిసినదే. పచ్చి కాడ తాకినా, తిన్నా దురద పెడుతుంది గనుక చేతికి నూనె రాసుకొని తరిగి, నూనెలో బాగా వేయించి, చింతపండు చేర్చి వాడవలెను. విరిగిన ఎముకకు నల్లేరు మేలని మన గ్రంథాలు చెప్పిన మాట వాస్తవమే. కాని ముందుగా ఎముకను సరిగా అమర్చి కట్టు కట్టించిన తరువాతనే ఆ ఆలోచన.

కంచే చేను మేసిన వేళ

కంచే చేను మేస్తే కాపు ఏమి చేయగలడని సామెత. ఇంటిని కాపాడవలసిన కంచెలోనే విషం పెంచుకొన్నవారి సంగతి అంతే. అందంగా పూస్తుందని, నీరు పోయనక్కరలేదని ఎందరో పెరటి హద్దుల వెంట ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు నాటుతున్నారు. ఈ రెండింటిలోను అన్ని భాగాలూ విషపూరితములే. అవి గుండె లయను దెబ్బతీస్తాయి. అడవి ఆముదం సంగతీ తెలిసినదే. బయోడీజిల్ కొరకు 2003 తరువాత దానికి ఎంతో ప్రచారం జరిగినది. పశువులు ముట్టవని కంచెలకు కూడా వాడారు. దాని గింజలు రుచిగా ఉంటాయని పిల్లలు తిని, వాంతులు విరేచనాలతో ఆస్పత్రుల పాలవుతుంటారు. గురివింద గింజ చూడముచ్చటగా ఉంటుంది. నమిలి మింగితే ప్రాణం తీస్తుంది. జెముడు పాలు, జిల్లేడు పాలు కంటిలో పడితే చూపుకే ముప్పు.

ఈ మధ్యకాలంలో పచ్చని గోడవలె పెరుగుతుందని కోనోకార్పస్ మొక్కను ఇళ్ళ చుట్టూ విరివిగా నాటారు. దాని పుప్పొడి వల్ల శ్వాస సంబంధమైన బాధలు కలుగుతాయని, వేళ్ళు మురుగు గొట్టాలను పాడుచేస్తాయని కారణం చూపి గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నాటరాదని ఉత్తర్వు ఇచ్చినది. దీనిపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలున్నవి. కాని ఉబ్బసం ఉన్న ఇంటివారు సందేహం ఉన్న మొక్కను కోరి తెచ్చుకొనవలసిన అవసరమేమి?

పిల్లవాడు తెలియని కాయ గాని గింజ గాని తిన్నాడని అనుమానం కలిగితే ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. 108కి ఫోను చేసి, తిన్న మొక్క కొమ్మను వెంట తీసుకొని ఆస్పత్రికి పోవలెను. పాలు కంటిలో పడితే కనీసం పావుగంట సేపు శుభ్రమైన నీటితో కడిగి కంటి డాక్టరుకు చూపవలెను.

నాటే ముందు, నాటిన తరువాత

మొదట హద్దు రాళ్ళు చూచుకొని, ఇరుగుపొరుగు వారితో మాట్లాడుకొనవలెను. కొమ్మలు హద్దు దాటి పెరుగుట సహజం గనుక కంచెను మన స్థలంలోకి రెండడుగులు జరిపి నాటుకొంటే తగాదాలుండవు. వేసవిలోనే అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గల కందకం త్రవ్వి ఎండకు వదలవలెను. తరువాత బాగా చివికిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి మట్టిలో కలిపి నింపవలెను. మృగశిర, ఆరుద్ర కార్తెలలో నేల తడిసిన తరువాత నాటుట శ్రేష్ఠం. వావిలి, అడ్డసరం, గోరింట కొమ్మల ద్వారా వస్తాయి. చిటికెనవ్రేలి లావున్న ముదురు కొమ్మలను మూరెడు పొడవున కోసి, రెండు వరుసలుగా, ఒక వరుసలోని సందుకు ఎదురుగా రెండవ వరుసలోని కొమ్మ వచ్చునట్లు అడుగుకొకటి చొప్పున నాటవలెను. వాక్కాయ మొక్కలను నర్సరీ నుండి తెచ్చి మూడడుగులకొకటి పెట్టవలెను.

మొదటి సంవత్సరం మోకాలి ఎత్తుకు రాగానే చివరలు త్రుంచవలెను. దీనికి మనసొప్పక వదిలివేస్తే పైన గుబురు, క్రింద ఖాళీ మిగిలి కంచె కుక్కలకు దారి అవుతుంది. మొక్కలు దట్టమగుటకు రెండు మూడు సంవత్సరాలు పడుతుంది. అంతవరకు వెదురు తడికో, రేగుకంపో అడ్డు పెట్టుకొనవలెను.

మొక్కల కంచె ఉంటే పాములు చేరుతాయని గృహిణులు భయపడుతుంటారు. పాము ఆకు కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. కంచె మొదట్లో చెత్త వేయక, నేల నుండి జానెడు ఎత్తు వరకు ఆకులు తీసివేసి శుభ్రంగా ఉంచితే భయం చాలవరకు తగ్గుతుంది. ఫలానా మొక్క వాసనకు పాము పారిపోతుందనే మాట నమ్మి అజాగ్రత్తగా ఉండరాదు. పాటు తగిలితే ఆకు పసరులు, కోతలు, కట్లు లేకుండా నేరుగా ఆస్పత్రికే పోవలెను.

తెలిసిన ఆకే మందు

మా గురుకులంలో ఆకు పేరు చెప్పగలిగితే చాలదు. మా గురువుగారు దాని పోలికే గల మరొక ఆకును ప్రక్కన పెట్టి, రెండింటికీ గల తేడాలు చెప్పమనేవారు. చెప్పలేనివారు ఆనాడు మందు నూరే రాతి దగ్గరకు పోకూడదు. ఆ కట్టుబాటు ఎంత అవసరమో కరోనా కాలంలో దేశమంతా చూచినది. తిప్పతీగ కషాయం ఇంటింటా త్రాగారు. 2021లో ముంబయి వైద్యులు, దీనిని వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ణయాన్ని అంగీకరింపక, పోలికగల మరొక జాతి తీగను పొరపడి వాడి ఉండవచ్చునన్నది. వాదంలో ఎవరి పక్షం సరైనదైనా గృహస్థునికి పాఠం ఒక్కటే. కంచె మీద ప్రాకిన తీగను ఊహతో గుర్తించి త్రాగరాదు. సరైన తీగనైనా నెలల తరబడి వైద్యుని సలహా లేకుండా సేవింపరాదు. కాలేయవ్యాధి ఉన్నవారు అసలే వాడరాదు.

కనుక కంచె నాటిన ప్రతి ఇంటివారూ ఏ మొక్కను ఎక్కడ నాటినదీ ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టుకొనవలెను. నాటే ముందు తెలిసిన వైద్యునికో, వృక్షశాస్త్రం చదివిన అధ్యాపకునికో కొమ్మ చూపి నిర్ధారణ చేసుకొనవలెను. పిల్లలకు ఏడాదికొకసారైనా కంచె వెంట నడిపించి, ఇది తినవచ్చును, ఇది తినరాదు, ఇది ముట్టనే కూడదు అని చూపవలెను.

ఈ వేసవిలో గోడ కట్టదలచినవారు ఇటుకలకు బయానా ఇచ్చే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఒక వైపైనా పచ్చని కంచెకు విడిచిపెట్టండి. ఇదివరకే కంచె ఉన్నవారు రేపు ఉదయం దాని వెంట నడిచి చూడండి. అందులో గన్నేరు గాని, అడవి ఆముదం గాని, గురివింద గాని ఉన్నచో చేతులకు తొడుగులు వేసుకొని వేళ్ళతో సహా తీసివేయండి. ఆ కట్టెను పొయ్యిలో పెట్టకండి, పొగ కూడా హానికరమే. ఖాళీ అయిన చోట రెండు వావిలి కొమ్మలు నాటండి.