పలకయు పలుకును

పలక యనగానే మన పిల్లలకు అక్షరములు దిద్దిన రాతిపలక జ్ఞప్తికి వచ్చును. పసిఫిక్ మహాసముద్ర మధ్యమున నున్న హవాయి దీవుల వారికి మరియొక పలక కలదు. అది అలలపై నిలిచి జారుటకై చెక్కిన కొయ్యపలక. ఆ క్రీడను వారు తమ భాషలో ‘హెఎ నలు’ అందురు. అలపై జారుట యని దాని యర్థము. సముద్రతీరమునకు దూరమైన మత్తూరు వారికి ఈ ముచ్చట యేల యని కొందరు అడుగవచ్చును. ఆ పలక కథలో మన పలుకు కథయు ఇమిడి యున్నది. కనుకనే దీనిని వ్రాయుచున్నాము.

పూర్వము హవాయిలో పలకకై చెట్టును నరకుటయే ఒక వ్రతముగా నుండెను. ‘కుము’ అను ఎఱ్ఱచేపను మ్రాని మొదట నుంచి, చెట్టు కూలిన పిదప దానిని వేరుల చెంత పాతి, ప్రార్థన చేసెడివారు. భూమినుండి తీసికొన్నదానికి అది మూల్యము. పిమ్మట రాతి బాడిసెతో చెక్కి, పగడపు రాతితో రుద్ది, నల్లరంగు పూసి, నూనె పట్టించెడివారు. వాడుక తీరిన వెంటనే ఆరబెట్టి, నారబట్టలో చుట్టి, ఇంట భద్రపరచెడివారు. పలుచని పలక ‘అలాయ’; ప్రభువులు వాడు పొడవైన పలక ‘ఒలొ’. ప్రతి పనికిని, ప్రతి కొయ్యకును, ప్రతి అలకును వారి భాషలో పేరుండెను.

1778లో కెప్టెన్ కుక్కు ఓడలు ఆ దీవులకు చేరెను. తరువాత క్రొత్త వ్యాధులచే జనులు వేలకొలది నశించిరి. 1820లో వచ్చిన మతబోధకులలో పలువురు ఈ క్రీడను సోమరితనముగా నెంచిరి. 1893లో రాణి లిలియుఒకలాని పదభ్రష్టురాలయ్యెను. 1896లో పాఠశాలలలో ఆంగ్లమే బోధనభాష కావలెనని శాసనము చేసిరి. తల్లిభాష మాటాడిన పిల్లలు దండనకు గురియైరి.

అయినను క్రీడ చావలేదు. డ్యూక్ కహనమోకు అను హవాయి వీరుడు 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో ఈతయందు స్వర్ణపతకము గెలిచి, ఆస్ట్రేలియాకు పోయి, అచ్చటి కొయ్యతో తానే పలక చెక్కుకొని అలలపై నిలిచి చూపెను. 2021లో టోక్యోలో ఈ క్రీడ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరగా, స్త్రీల స్వర్ణము హవాయి యువతి కారిస్సా మూర్‌కు దక్కెను.

పలక లేచి నిలిచినంత వేగముగా పలుకు లేవలేదు. 1978లో హవాయి భాష అధికార భాషలలో నొకటి అయ్యెను. 1984లో ‘పూనన లెఒ’, అనగా పలుకుల గూడు, అను శిశువిద్యాలయమును తల్లిదండ్రులు పూని నెలకొల్పిరి. 1986లో నిషేధము తొలగెను. 1987లో ప్రభుత్వ పాఠశాలలలో ఆ భాషలో బోధన మరల మొదలయ్యెను. పోగొట్టుటకు ఒక్క శాసనము చాలెను; తిరిగి తెచ్చుకొనుటకు తొంబది యేండ్లు పట్టెను.

ఇక మన వంక చూతము. విశాఖ తీరపు జాలరులు తేలిక దూలములను త్రాళ్ళతో బిగించి, తెప్పగట్టి, విరుగు అలలను దాటి వేటకు పోయెడివారు. ఒడ్డుకు చేరి కట్లు విప్పి దూలముల నారబెట్టెడివారు. తమిళ సోదరులు దానిని ‘కట్టుమరం’ అందురు. ఆ మాటయే లోకమెల్ల తిరిగి ఆంగ్లమున ‘కేటమరాన్’ అయ్యెను. అందలి ‘కట్టు’ మనదియు. ‘మరం’ మన ‘మ్రాను’నకు తోబుట్టువు. ఇప్పుడు ఫైబరు తెప్పలును యంత్రములును వచ్చినవి. అందులకు వగవ నక్కరలేదు. పలకయు కొయ్యనుండి ఫోమునకు మారినది గదా! పనిముట్టు మారవచ్చును, దానిని నడపు నేర్పు నోటినుండి నోటికి పోవునది. ఆ నోరు మూగవోయినపుడే నష్టము.

మన పల్లెలలో కపిల పోయి పంపుసెట్టు వచ్చినది; మంచిదే. కాని బాన, తొండము, మోకు, గిలక అను మాటలు ఎందరు పిల్లలకు తెలియును? హొగేనకల్లులో తేలు పుట్టిని చూచి దానిని పుట్టి యనగలవారు ఎందరు?

2006వ సంవత్సరపు చట్టమువలన తమిళనాట విద్యార్థులు తమిళము నేర్వవలసి యున్నది. నేర్వవలసినదే, అది మనకు అన్నము పెట్టు గడ్డ భాష. కాని తమిళము వచ్చుటకు తెలుగు పోనక్కరలేదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350ఎ అధికరణము, 1956లో చేర్చబడినది, చెప్పుచున్నది. అయితే బల్లపై పిల్లవాడు లేనిచో ఆ అధికరణము ఎవనికి పాఠము చెప్పును?

తెలుగు కూడు పెట్టునా యని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే. ఇంటి భాషలో గట్టిగా ఆలోచింప నేర్చినవాడు మరి రెండు భాషలను సులువుగా పట్టుకొనునని మా నమ్మకము. కావున పెద్దలకు మా మనవి: పిల్లలను తెలుగు తరగతిలో చేర్పుడు, ఇంట తెలుగున మాటాడుడు. విద్యార్థులారా! ఈ సెలవులలో తాతలను, అవ్వలను అడిగి, వారి చేతిపనుల పేర్లు నూరు వ్రాసి తెండు. హవాయి వారు తొంబది యేండ్లకు తిరిగి సంపాదించినది, మనకు ఇంకను ఇంటి అరుగుమీదనే యున్నది.