ఇంటి విద్యలు: గాలపు ముడి



కడచిన మాసమున ఉట్టిత్రాళ్లను గూర్చి వ్రాసితిమి. దానిని చదివి అనంతపురపు సీమనుండి ఒక సోదరి మాకు జాబు పంపినది. ఆమె పిల్లవాడు సెలవులలో చెరువునకు గాలము తీసికొని పోవుచున్నాడట. చేప తగులుచున్నది గాని, లాగగనే దారము వట్టిగా వచ్చుచున్నదట. గాలము చేప నోటిలోనే ఉండిపోవుచున్నది. ఒకనాడు వాడు కంటతడితో ఇంటికి వచ్చి, ఆ ముల్లు నోట నుండగా చేప ఎట్లు తినునని తల్లి నడిగినాడట. ఆమె లావు దారము కొని యిచ్చినది. అదియు అంతియే యైనది. ఇది ఈ పుటకు తగిన ప్రశ్నయో కాదో యని ఆమె సందేహము.

తగకేమి? చేదకు ముడి, దూడకు ముడి, ఉయ్యాలకు ముడి, మూటకు ముడి. తెల్లవారినది మొదలు మన చేతులు వేయునవి ముళ్లే కదా! గాలపు ముడియు వాని తోబుట్టువే.

వాన కరవైన ఆ సీమలో గాలమేమిటని కొందరు నవ్వవచ్చును. అచ్చట ఏడాదికి కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. కాని వాన తక్కువైన చోటనే చెరువునకు విలువ హెచ్చు. అనంతపురమునకు ఆ పేరు అనంతసాగరమను చెరువువలన వచ్చినది. పదునాలుగవ శతాబ్దమున బుక్కరాయల మంత్రి దానిని కట్టించెననియు, రాణి అనంతమ్మ పేర దానికా పేరు పెట్టిరనియు చెప్పుదురు. చెంతనే బుక్కరాయసముద్రము. సముద్రమునకు దూరమైన నేలలో మన పెద్దలు చెరువులనే సాగరములనియు సముద్రములనియు పిలుచుకొనిరి. సింగనమల చెరువును, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని బుక్కపట్టణపు చెరువును నిండిన యేట చూచినవారికి ఆ పేళ్లు అతిశయోక్తులుగా తోచవు.

ఇట్టి చెరువులలో పెంచు బొచ్చె, రాగండి మొదలగునవి పిండిముద్దకో వానపాముకో గాలమునకు వచ్చును. కొరమీను తీరు వేరు. అది కదలుచున్న కప్పను, చిన్న చేపను చూచి మీదపడి పట్టును. అందుచేత దానికి కప్పవలెనో చేపపిల్లవలెనో చేసిన బొమ్మ ఎరను కట్టుదురు. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు గనుక, చెరువు ఎండినను తడి బురదలో అది కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. కరవు సీమకు తగిన చేప! అంత బలము గలది గుంజినప్పుడు దారము ఏ చోట ఓడిపోవుననునదే మన ప్రశ్న.

త్రాడు సాధారణముగా తెగునది ముడియొద్దనే. ముడిలో దారము చటుక్కున వంగును, తన్ను తానే నొక్కుకొనును. మనము ఆలోచింపక వేయు ఒంటి మెలిక ముడిచే దారపు బలము దాదాపు సగమునకు తగ్గును. కాబట్టి లావు దారము కొనుటకు ముందు తిరిగి వచ్చిన దారపు కొనను పరీక్షింపవలెను. కొన తీగనులివలె చుట్టలు తిరిగి యున్నచో ముడి తెగలేదు, జారినది. కొన పొట్టిగా తెగి యున్నచో ముడి బిగించునప్పుడే దారము దెబ్బ తిన్నదని అనుమానింపవలెను. ముడికి పైన, గరుకెక్కిన చోట తెగినచో రాతికో ముండ్లకంపకో ఒరసికొన్నదని గ్రహింపవలెను. మూడు జబ్బులకు మందు వేరు వేరు. లావు దారము మొదటి జబ్బును హెచ్చించును. ఏలయన, లావైన నైలాను బిరుసుగా నుండి ముడిలో సరిగా అణగదు.

ఈ పాఠమును మేము ఒక ఇత్తడి బిందెను పోగొట్టుకొని నేర్చితిమి. మా ఇంటి చేంతాడు పాతబడగా నైలాను త్రాడు తెచ్చితిమి. బిందె మెడకు మా అవ్వ నేర్పిన ముడినే, ఎప్పటివలె పొట్టి కొన విడిచి, వేసితిమి. మూడవనాడు బిందె సగము దూరము వచ్చి గుభాలున నూతిలో పడినది. వేసవికాలము, లోతైన నుయ్యి. పాతాళగరిగె దింపి వెదకి వెదకి దానిని పైకి తీయుటకు పూటంతయు పట్టినది. అవ్వ ముడిలో దోషము లేదు. నూలుత్రాటికి నూగు కలదు. తడిసినచో ఉబ్బి తన్ను తాను పట్టుకొనును. నైలాను నున్ననిది. 1935లో అమెరికాయందలి ప్రయోగశాలలో పుట్టిన ఆ పోగునకు, మన అవ్వల చేతి ముళ్లకు పరిచయము లేదు. దానికి చుట్లు హెచ్చుగా వేయవలెను, కొన పొడవుగా విడువవలెను.

ముడి యెంచుకొనునప్పుడు ఏది బలమైనదని అడుగుటకంటె, ఈ ముడి యేమి పని చేయవలెనని అడుగుట మేలు. 1944లో క్లిఫర్డ్ ఆష్లే ప్రకటించిన ముళ్ల గ్రంథమున 3,800కు పైగా ముళ్లు వివరింపబడినవి. గాలమునకు మనకు మూడు చాలును.

మొదటిది చుట్లముడి. సన్నని నైలానును చిన్న గాలమునకు కట్టుటకు ఇది తగును. దారపు కొనను గాలపు కన్నులో దూర్చి, అసలు దారము చుట్టును అయిదు చుట్లు చుట్టవలెను. కన్ను ప్రక్కనే ఏర్పడిన చిన్న సందులో కొనను దూర్చవలెను. అప్పుడు పైన మరియొక పెద్ద సందు ఏర్పడును. దానిలోను దూర్చి బిగింపవలెను.

రెండవది జంటముడి. అల్లిక దారము మరింత నున్ననిది గనుక దానికి ఇది మేలు. దారమును జానెడు మేర రెండు పేటలుగా మడచి, మడతను కన్నులో దూర్చి, రెండు పేటలతోను ఒక వదులు మెలిక ముడి వేయవలెను. పిమ్మట ఆ మడతలోనుండి గాలమును పూర్తిగా దాటించి బిగింపవలెను. నేర్చుకొనుటకు ఇదియే సుళువు. పలు ముండ్లు గల పెద్ద బొమ్మ ఎరను మడతలోనుండి దాటించుట మాత్రము చిక్కు.

మూడవది ఉచ్చుముడి. బొమ్మ ఎర నీటిలో ప్రాణమున్నదానివలె ఆడినగాని కొరమీను నమ్మదు. ముడి కన్నును గట్టిగా పట్టుకొన్నచో ఆ ఆట చెడును. కావున ఎర మెదలుటకు వీలుగా చిన్న ఉచ్చు విడువవలెను. ఆ ఉచ్చు బిగిసిపోరాదు. దూడ మెడకు పలుపు కట్టునప్పుడు మనము చూచుకొనునది ఇదియే కదా! కొనకు జానెడు ఎగువ ఒక మెలిక ముడిని వదులుగా వేసి, కొనను ఎర కన్నులో దూర్చి, మరల ఆ మెలికలోనికి తేవలెను. అసలు దారము చుట్టును నాలుగైదు చుట్లు చుట్టి, కొన మెలికలోనుండి ఏ ప్రక్కకు వెలువడినదో ఆ ప్రక్కనుండియే తిరిగి మెలికలో దూర్చి బిగింపవలెను.

ముడికి బదులు లోహపు కొండి తగిలించుట కలదు. ఎరలను మాటిమాటికి మార్చువారికి అది అనుకూలము. గిరగిర తిరుగు ఎరయైనచో దారము పురి యెక్కకుండ తిరుగుడు కీలు అవసరము. కాని చిన్న ఎరకు బరువైన కొండి తగిలించినచో అది ఆడక మునుగును. కొండి పెట్టినను దానికి దారము కట్టుటకు ముడి తప్పదు.

ఏ ముడియైనను బిగించుటకు ముందు నీటితో తడుపవలెను. పొడిగా లాగినచో రాపిడి వేడికి నైలాను దెబ్బతినును. ఒక్కసారిగా గుంజక మెల్లగా బిగించి, చుట్లు ఒకదాని ప్రక్క ఒకటి అణగినవో లేదో చూడవలెను. పిదప గాలమును మేకునకు తగిలించి, చేతికి గుడ్డ చుట్టుకొని, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని దారమును గట్టిగా లాగవలెను. ఊడవలసిన ముడి అచ్చటనే ఊడుట మంచిది. అభ్యాసమునకు గాలము అక్కరలేదు. లావు దారమును, ఒక తాళపుచెవియు చాలును. బియ్యము ఉడుకులోపల రెండు ముళ్లు నేర్చుకొనవచ్చును.

ఇక పిల్లవాని ప్రశ్న. వానికి నిజమే చెప్పుడు. కొన్ని చేపలు ఆ ముల్లును కొన్నాళ్లకు రాల్చుకొని బ్రదుకును, కొన్ని నశించును. నోట ముల్లుతో పోయిన చేప కూరకును రాదు, చెరువునకును దక్కదు. గాలపు మొనయొద్ద నుండు ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసినచో, ఊడదీయుటయు రాల్చుకొనుటయు సులభమగును. కొరమీను తన పిల్లలకు కాపు కాయును. నీటిపై ఎర్రని చిట్టిపిల్లల గుంపు కనబడిన చోట గాలము వేయవలదని చెప్పుడు. చెరువును గుత్తకు పుచ్చుకొన్నవారి అనుమతి యడుగుమనుడు. పెద్దలు వెంట లేనిదే నీటి దరికి పంపకుడు.

కత్తిరించిన దారపు ముక్కలను గట్టున పారవేయనీయకుడు. నూలువలె నైలాను మట్టిలో కలిసిపోదు, పక్షుల కాళ్లకు చుట్టుకొనును. చిలమత్తూరు చెంతనున్న వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్లపై గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచును. ఊరివారు వానిని ఇంటి ఆడుబిడ్డలవలె చూచుకొందురు. అట్టి పక్షులు మేతకు దిగునవి ఈ చెరువులలోనే. ముక్కలను చిన్న డబ్బాలో వేసి యింటికి తెమ్మనుడు.

జాబు వ్రాసిన సోదరికి మా మనవి. మరల వాడు వట్టి దారముతో వచ్చినప్పుడు, దీపము దగ్గర కూర్చుండి ఆ కొనను ఇద్దరును కలిసి చూడుడు. చుట్టలు తిరిగి యున్నదో, తెగి యున్నదో మాకు వ్రాయుడు. వచ్చు మాసమున నవారు మంచము బిగించుటను గూర్చి ముచ్చటింతము.