ఆడబిడ్డ బతుకు ఖరీదు రెండు వేలా?

‘ఇంట్ల పని, మంచి జీతం’ అని నమ్మబలికి ఆడబిడ్డను గల్ఫ్‌కు పంపుతరు. దిగంగనే పాస్‌పోర్టు గుంజుకొని వ్యభిచారంల దించుతరు. లైసెన్సు లేకుంట పంపిన దొంగ ఏజెంటుకు 1983 వలస చట్టం రాసిన శిక్షెంత? ఎక్కువల ఎక్కువ 2 ఏండ్ల జైలు, 2,000 రూపాయల జుర్మానా! పోలీసులు ఆ చట్టం కింద కోర్టుకెక్కాలన్నా కేంద్రం అనుమతి కావాలె.

మేడ్చల్, శామీర్‌పేట తల్లిదండ్రులారా! బాధితురాలు గానీ, అమ్మ, నాయిన, భర్త, తోడబుట్టినోళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కరలేదని 27వ సెక్షనే చెప్తున్నది. పైసల మోసమని రాసి రాజీ చేస్తమంటే ఒప్పుకోకుండ్రి. మనుషుల అక్రమ రవాణా కేసే రాయించుండ్రి. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌ల తక్కువల తక్కువ 7 ఏండ్ల కఠిన శిక్ష ఉన్నది. ఆ నంబరు ఎఫ్‌ఐఆర్‌ల ఎక్కేదాక ఠాణా గడప దిగొద్దు!