ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశా

మా తమ్ముడి కూతురు డాలస్‌లో పుట్టింది. పోయిన నెల దాకా కుందుర్పిలో మా అవ్వ దానికి ఫోన్ స్క్రీన్ మీదే ముద్దులు పెట్టింది. ఏడాది నిండేలోపు కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పుట్టెంట్రుకలు తీయిస్తానని మొక్కుకుంది మరి. "టికెట్ కొనుక్కోని వచ్చేదానికి ఏమప్పా అడ్డం?" అని రోజూ నన్నే అడిగేది. నన్ను అడగడం న్యాయమే. అడ్డం నేనే.

ముందు సంగతి చెప్తా. అమెరికాలో పుట్టింది కాబట్టి పాప అక్కడి పౌరురాలు. అక్కడి పాస్‌పోర్టు తీసుకున్నాక మనది ఉంచుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు. అంటే అమ్మానాన్నలు ఇండియన్లు, చంకలో పిల్ల ఫారినర్! సొంతూరికి రావాలంటే దానికి వీసా కావాలి, లేదంటే ఓసీఐ కార్డు. గల్ఫ్‌లో పుడితే కథ వేరు. అక్కడి పౌరసత్వం రాదు కాబట్టి ఏడాదిలోపు మన ఎంబసీలో పుట్టుక నమోదు చేయించి మన పాస్‌పోర్టే తీసుకుంటారు.

పాస్‌పోర్టు బాగానే అయింది. తల్లీతండ్రీ ఇద్దరూ పాపతో వెళ్లి నిలబడాలి. ఫొటోకి తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీశారట. యాభై తీస్తే ఒకటి పనికొచ్చింది.

చిక్కు ఓసీఐ దగ్గర వచ్చింది. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ముందు 'ఎఫ్‌ఎన్‌యూ' అని ఉంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అంటే మా తమ్ముడికి పేరే తెలియదని!

ఇది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2013లో కళ్యాణదుర్గం నెట్ సెంటర్‌లో వాడి పాస్‌పోర్టు ఫారం నింపింది నేనే. వాడి టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పొడి అక్షరం. దాన్ని ఎలా విప్పి రాయాలో తెలియక 'సర్‌నేమ్' గడి ఖాళీగా వదిలేశా. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టు వెళ్తే అమెరికా వీసా ఆ పేరుని ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ కొడుతుంది. అది డ్రైవింగ్ లైసెన్స్‌కి పాకింది, అక్కడినుంచి హాస్పిటల్ ఫారంకి, అక్కడినుంచి పాప సర్టిఫికెట్‌కి. ఇండియన్ పాస్‌పోర్టులో మాత్రం ఎఫ్‌ఎన్‌యూ లేదు. రెండూ కలవవు. ఫైలు వెనక్కి.

సర్టిఫికెట్ సరిచేయించడానికి వాడు అఫిడవిట్లు పట్టుకుని తిరుగుతుంటే ఇక్కడ అవ్వకి షుగర్ పెరిగి అనంతపురం ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ ఆమె ఏమీ అడగలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. తమ్ముడికి ఫోన్ చేసి "నా వల్లేరా" అన్నా. "ఊరుకోన్నా, ఆ పొద్దు నువ్వు నింపకపోతే నేను ఈడికే వచ్చేవాణ్ని కాదు" అన్నాడు.

చివరికి ఓసీఐ పక్కన పెట్టి పాపకి ఈ-వీసా పెట్టారు. ఆన్‌లైనే, పాప పాస్‌పోర్టు, ఫొటో చాలు. వారంలో మెయిల్‌కి వచ్చేసింది. మొదటే ఇది ఎందుకు చేయలేదంటే, జీవితాంతం కార్డు ఉండగా టూరిస్టు వీసా ఎందుకని మా అతి తెలివి. (వెనక్కి వెళ్లడానికి తమ్ముడి స్టాంపింగ్ బాధ ఇంకో వారం రాస్తా.)

మీ ఇంట్లో ఎవరి పాస్‌పోర్టైనా ఇప్పుడే తెరిచి చూడండి. సర్‌నేమ్ దగ్గర ఖాళీ ఉంటే రీ-ఇష్యూకి పెట్టి పేరు విడగొట్టించుకోండి. 2022 నవంబరులో యూఏఈ కూడా ఒంటి పేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమని చెప్పింది.

బెంగళూరులో దిగి పావగడ మీదుగా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అవ్వ దిష్టి తీసి పాపని ఒళ్లో వేసుకుంది. ఓసీఐ ఫారం మీద సంతకం బదులు పాప బొటనవేలి ముద్ర వేయించారని తమ్ముడు చెప్పాడు. పింఛను మిషన్లో ఎన్నిసార్లు నొక్కినా పడని తన వేలిని ఒకసారి చూసుకుని, పాప వేలు పట్టుకుని, "నీదన్నా పడిందా తల్లీ?" అంది.