లబ్ధిదారులమా, సభ్యులమా?

మాసబ్ ట్యాంక్‌లో చెరువు లేదు, పేరే మిగిలింది. అక్కడి దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్‌లో మాత్రం మన పేరుతో నడిచేవి చాలా ఉన్నాయి. గిరిజన సంక్షేమ శాఖ, గురుకులాల సొసైటీ, ట్రైకార్, గిరిజన మ్యూజియం. మ్యూజియంలో మన బొమ్మలున్నాయి, ఆఫీసుల్లో మన దరఖాస్తులున్నాయి. మన ఓటు ఎక్కడుంది?

ఇలా అడిగితే మన చదువుకున్న పిల్లలే నవ్వుతారు. సొసైటీ అయితేనేం, కార్పొరేషన్ అయితేనేం, మంచి ఆఫీసరు వస్తే చాలన్నా అంటారు. ఆ మంచి ఆఫీసరుకు బదిలీ అవుతుంది. బైలాలు మాత్రం ఆ బీరువాలోనే ఉంటాయి. తర్వాత వచ్చినాయన వాటిని బట్టే నడుస్తాడు.

సంస్థ ఏ రూపంలో పుట్టిందో దాన్ని బట్టే అందులో ఎవరి మాట చెల్లుతుందో తేలుతుంది. ట్రస్టులో ట్రస్టీలదే మాట. ఎవరి మేలు కోసం పెట్టారో వాళ్లకు ఓటుండదు. కంపెనీలో ఎవరి వాటా ఎంతో వారి ఓటు అంత. సహకార సంఘంలో వాటా ఎంతున్నా మనిషికి ఒక్కటే ఓటు. ఇక సొసైటీ అంటే సభ్యులదే, కానీ సభ్యులెవరు? ఐటీడీఏ కూడా రిజిస్టరైన సొసైటీయే, దానికి అధ్యక్షుడు కలెక్టరు. గురుకులాలదీ సొసైటీయే. దాని పాలకమండలిని పిల్లల తల్లిదండ్రులు ఎన్నుకోరు, అందులో పాఠాలు చెప్పే టీచర్లూ ఎన్నుకోరు. ఇక్కడ మనం లబ్ధిదారులం, అంతే. లబ్ధిదారు దండం పెట్టగలడు, లెక్క అడగలేడు.

జీసీసీ సంగతి ఇంకా విచిత్రం. అది 1956లో విశాఖలో పుట్టిన సహకార సంస్థ. సావుకారి దొంగ తూకం నుంచి, తీరని అప్పు నుంచి మనవాళ్లను కాపాడాలని పెట్టారు. కొంత కాపాడింది కూడా, ఆ మాట దాచక్కర్లేదు. కింద ప్రాథమిక సంఘాల్లో సభ్యులం మనమే. పైన మేనేజింగ్ డైరెక్టరును పంపేది ప్రభుత్వం. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు కొనే గుత్తహక్కు కూడా దానికే దక్కింది. అంటే తపసి జిగురు ఏరేది మనం, కొనేవాడు ఒక్కడు, ధర చెప్పేదీ వాడే. ఆ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనదేనని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. తన సరుకు ధరను తాను నిర్ణయించలేని యజమానిని ఇంకెక్కడైనా చూశారా?

రూపంలో ఏముందనేవాళ్లు సమత తీర్పు చదవాలి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు పోయింది. 1997 జూలైలో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఖనిజం తీయాలంటే ప్రభుత్వ సంస్థ తీయాలి, లేదా గిరిజనులు సొంతంగానో సహకార సంఘంగానో తీయాలి. కొండ అదే, రాయి అదే. అడిగేది కంపెనీయా, సంఘమా అన్నదాన్ని బట్టి జవాబు మారింది. భూమి విషయంలో 1970 నాటి 1/70 చట్టానిదీ ఇదే దారి. ఏజెన్సీ భూమి గిరిజనుడికి పోవచ్చు, లేదా కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి పోవచ్చు. ఇంకెవరికి పోయినా చెల్లదు.

ఈ తలుపు మనకంటే ముందు కాంట్రాక్టర్లు కనిపెట్టారు. గోదావరి ఒడ్డున గిరిజన ఇసుక సొసైటీలను చూడండి. బోర్డు మీద పేర్లు మనవి. చాలాచోట్ల పెట్టుబడి, పొక్లెయిన్లు, లారీలు, లెక్కల పుస్తకం ఇంకొకరివి. అధ్యక్షుడని పిలిపించుకునే మన తమ్ముడికి రోజుకెన్ని లారీలు పోయాయో తెలియదు, చెక్కు మీద సంతకం మాత్రం తెలుసు. దీన్ని చూపించి, గిరిజనులకు సంఘాలు నడపడం చేతకాదంటారు. చేతకాకపోవడం కాదిది. పుస్తకం మన చేతికి రానివ్వకపోవడం.

మరి ఏం చేయాలి? ఊరికొక ఎన్జీవో పెట్టి విరాళాల కోసం తిరగమని మన యువకులకు సలహాలు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. బడికో వైద్యానికో అది పనికొస్తుంది, కాదనను. చింతపండు అమ్మడానికి, కాఫీ అమ్మడానికి మనకు కావలసింది దాత కాదు. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద పెట్టిన సంఘంలో ప్రభుత్వానికి వాటా ఉండదు, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. వ్యాపారానికి ఆ దారి చూడండి. భూమి కోసమైతే జాగ్రత్త. 1/70లో రాసి ఉన్నది 1964 సహకార చట్టం పేరు, కనుక న్యాయవాదిని అడిగాకే అడుగు వేయండి.

టీచర్లకు ఒక మాట. ఎనిమిదో తరగతిలో లాభనష్టాలు, శాతాలు చెబుతున్నారు కదా. ఆ లెక్కలకు మీ ఊరి ప్రాథమిక సంఘం ఆడిట్ నివేదికను తీసుకోండి. సభ్యుడిగా ఉన్న తండ్రో తల్లో అడిగి తెస్తారు. కిలో జిగురుకు మనకెంత ముట్టింది, సంఘం ఎంతకు అమ్మింది, మధ్యలో ఏ ఖర్చుకు ఎంత పోయింది, పిల్లల చేత కట్టించండి. చివరి సర్వసభ్య సమావేశం ఏ తేదీన జరిగిందో, హాజరు పుస్తకంలో వేలిముద్రలు ఎవరివో కూడా కనుక్కు రమ్మనండి.