రికార్డింగ్ డాన్సు కేసులో ముద్దాయి ఎవరు?

అశ్వారావుపేట చుట్టుపక్కల సంక్రాంతి వచ్చినా, జాతర వచ్చినా రికార్డింగ్ డాన్సుల గొడవ లేస్తుంది. మన సంఘం తమ్ముళ్లు కొందరు ఈసారి వినతిపత్రం రాశారు. డాన్సులు ఆపాలంట, సెల్లు షాపుల్లో నీలిబొమ్మలు ఎక్కించి అమ్మేవాళ్లని లోపలెయ్యాలంట, అశ్లీలత మీద ఇంకా కఠినమైన చట్టం తేవాలంట. వాళ్ల కోపం నాకు తెలుసు. కానీ ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను. ఎందుకో చెప్తాను, వినండి.

చట్టం లేక కాదు. పీనల్ కోడ్‌లో 292 అనే సెక్షన్ ఉండేది, 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 294 అయింది. బూతు పుస్తకమో బొమ్మో అమ్మితే మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, అయిదు వేల దాకా జుల్మానా. నలుగురిలో బూతు చేష్టలు చేసినా, బూతు పాట పాడినా 296 కింద మూడు నెలల దాకా. ఆ 296లో ఒక షరతు ఉంది, 'ఇతరులకు చిరాకు కలిగేలా' అని. అంటే చూసేవాడి చిరాకే లెక్క. ఆ పిల్లని అడ్వాన్సిచ్చి ఎవరు తెచ్చారు, ఒప్పుకున్న ఆట ఏది, అర్ధరాత్రి దాటాక బట్టలు తియ్యమని అరిచిందెవరు, స్టేజీ ఎక్కి నోట్లు గుచ్చిందెవరు? ఇవేవీ ఆ సెక్షన్ అడగదు. అందుకే జీపు వచ్చేసరికి దొరికేది కాళ్లకు గజ్జెలున్న పిల్ల. కమిటీ పెద్దమనుషులు అప్పటికే ఇళ్లు చేరి దుప్పటి కప్పుకుని ఉంటారు.

పుస్తకాల మీది 294లోనే ఇంకో తమాషా ఉంది. గుడి మీద, దేవుడి రథం మీద చెక్కిన బొమ్మలకి అది వర్తించదు. శిల్పాలు పగలగొట్టమని నేననటం లేదు. మన చెయ్యి తగిలితే మైలపడిన రథం మీద ఉంటే అది కళ, మన ఇంటి పిల్ల ఒంటి మీదికొస్తే బూతా అని అడుగుతున్నా. నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో మాదిగ, మాల ఆడపిల్లల్ని దేవుడి పేరు చెప్పి జోగినుల్ని చేసి ఊరందరి సొత్తు అన్నారు. దాన్ని ఆపటానికి 1988లో వేరే చట్టం చెయ్యాల్సి వచ్చింది. అంతకాలం ఆ ఊళ్లల్లో ఎవరికీ 'చిరాకు' కలగలేదు కాబోలు!

ఈ చట్టం రాసే ఆడదాన్ని కూడా వదల్లేదు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే వేశ్య 18వ శతాబ్దంలో 'రాధికా సాంత్వనం' రాసింది. దాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి చేత అచ్చువేయించింది. ఆమె కూడా దేవదాసీ ఇంటి బిడ్డే. సంస్కర్త వీరేశలింగం గారు అంతకుముందే ఆ కావ్యాన్ని బూతని ఈసడించారు. మగకవులు రాస్తే శృంగారం, ఆడది రాస్తే బూతా అని నాగరత్నమ్మ నిలదీసింది. తెల్లదొరల సర్కారు 1911లో ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పూనుకుంటే గానీ, 1947 దాకా అది విడుదల కాలేదు.

కోర్టుల సంగతీ చూద్దాం. ఇంగ్లండులో 1868లో ఒక కొలబద్ద పెట్టారు: ఈ రాత ఎవరి చేతిలో పడితే వాళ్ల మనసు చెడుతుందా అని. ఆ కొలతతోనే 1964లో మన సుప్రీంకోర్టు ఒక ఇంగ్లీషు నవల అమ్మిన బొంబాయి పుస్తకాల కొట్టు భాగస్తుడి శిక్షను ఖాయం చేసింది. 2014లో ఆ కొలత వదిలేసి, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలంది. ముందుకు పడ్డ అడుగే, కాదనను. కానీ ఏ సమాజం? ఊరి ప్రమాణమా, వాడ ప్రమాణమా? కోయగూడెం ప్రమాణాన్ని ఎవరైనా అడిగారా?

పెద్దలు ఇష్టపడి చదువుకునేది, చూసుకునేది వాళ్ల గొడవ. అమ్మకానికి వయసు నిబంధన పెట్టి ఊరుకోవచ్చు. పిల్లల బొమ్మలు మాత్రం వేరే సంగతి. అవి తీసినా, దాచుకున్నా నేరమే, ఉండాలి కూడా.

మనకి పనికొచ్చే చట్టాలు వేరే ఉన్నాయి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం చూడండి. దళిత, ఆదివాసీ మనిషిని బట్టలూడదీసి తిప్పితే నేరం. నలుగురి ముందు కులం పేరుతో తిడితే నేరం. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ఇంకో మాట చేర్చింది: మన ఆడమనిషిని ఆమె సమ్మతి లేకుండా ఆ దృష్టితో తాకినా, ఆ రకం మాటన్నా, సైగ చేసినా నేరమే. చూసేవాడి చిరాకు దగ్గర ఆగకుండా ఆడదాని సమ్మతి అడిగిన చట్టం ఇది! అలాగే స్నానం చేస్తుంటేనో, బట్టలు మార్చుకుంటుంటేనో చాటుగా ఫోన్లో తీస్తే న్యాయ సంహిత 77 పడుతుంది. ఆమె ఒప్పుకుని తీయించుకున్నా, ఒప్పుకోకుండా పదిమందికి పంపినవాడు అదే సెక్షన్ కింద నేరస్తుడే.

కాబట్టి తమ్ముళ్లూ, వినతిపత్రం తిరగరాయండి. డాన్సు జరిగితే కేసు కమిటీ మీద, డబ్బు కట్టినవాడి మీద పెట్టమనండి. ఆడే పిల్లని ముద్దాయిగా గాక సాక్షిగా పిలవమనండి. ఒప్పుకున్న కూలి ఆమెకి ముట్టిందో లేదో అక్కడే రాయించమనండి. ఎస్సీ, ఎస్టీ బిడ్డ అయితే అత్యాచారాల చట్టం కింద ఎఫ్ఐఆర్ కట్టమనండి. అలా రాసి తెస్తే మొదటి సంతకం నాది. ఆదివారం బడికి సెలవే, కాగితం పట్టుకుని రండి.