‘ఆలన’కు గీటురాయి

నయంకాని జబ్బుల చివరి దశలో ఉన్నవారి కోసం తెలంగాణ ప్రభుత్వం జిల్లాలకు విస్తరించిన ‘ఆలన’ ఉపశమన సేవలు హర్షణీయమే అయినా, వాటి నాణ్యతను పడకలు, వాహనాల లెక్కతో తేల్చడం సరికాదు. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని ఒక తండాలో క్యాన్సర్‌తో మంచం పట్టిన మనిషికి కావలసిన లెక్కలు వేరు: రాత్రివేళ నొప్పి ముదిరితే ఫోన్ ఎత్తేవారున్నారా, మార్ఫిన్ మాత్రలు నిండుకోకముందే అందుతున్నాయా, నర్సు చెప్పిన రోజున ఇంటికి వస్తున్నారా, పుండు శుభ్రం చేయడం ఇంటివారికి నేర్పారా? మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి మార్ఫిన్‌పై ఆంక్షలను సడలించారు కనుక, మందు కొరతకు చట్టాన్ని సాకుగా చూపలేరు. ఈ సేవ విఫలమైతే ఫిర్యాదు చేయడానికి రోగి మిగలడు. కుటుంబం మాత్రం అప్పులు చేసి వరంగల్, హైదరాబాద్ ఆసుపత్రుల చుట్టూ తిరిగి చితికిపోతుంది. అందుకే ప్రతి సందర్శనలో నొప్పి తీవ్రతను నమోదు చేయాలి. రోగి మరణానంతరం కుటుంబ అనుభవాన్ని సేవలందించిన సిబ్బంది కాక వేరొకరు తెలుసుకోవాలి. ఆ ఫలితాలను మూడు నెలలకోసారి మండలాలవారీగా ప్రకటించాలి. ప్రైవేటు, స్వచ్ఛంద కేంద్రాలకూ ఇదే గీటురాయి వర్తించాలి. నొప్పి లేని తుదిఘడియలు పౌరుడి హక్కు. వాటికి జవాబుదారీ వహించవలసింది ప్రభుత్వమే.